తిన్న నీళ్లు

మోక,
మార్చి 10, 2025

గౌతమికి పెద్దమ్మ యంకమ్మ రాస్తున్నది. ఆశీర్వాదాలు చివర్లో ఇస్తాను. ముందు తిట్లు ఉన్నాయి, అందుకో.

నిన్న సాయంత్రం కండక్టరు పక్కీరప్ప మన ఇంటి ముందు బస్సు ఆపి మరీ చెప్పిపోయాడు. "యంకమ్మక్కా, మీ పాప సండూరు బస్టాండులో కండ్లు తిరిగి కూలబడి ఉండె. మొగమంతా పీక్కపోయి ఉండాది. నీళ్లు తాగమ్మా అని బాటిల్ ఇస్తే వద్దంటాది" అన్నాడు. బస్సు నిండా జనం. కిటికీల్లోంచి తలలు బయటపెట్టి విన్నారు. నీళ్లు తాగని పిల్ల పెద్దమ్మ ఎవరని మోకలో ఇప్పుడు ఎవరిని అడిగినా నన్నే చూపిస్తారు.

నీళ్లు వద్దనడం ఏమిటే? బళ్లారి ఎండ సంగతి నీకు కొత్తగా చెప్పాలా? మార్చిలోనే కాకులు కుళాయి కింద నోళ్లు తెరుచుకుని కూర్చుంటున్నాయి. యశ్వంతనగర్‌లో ఖనిజం లారీలు తూచే ఉద్యోగం వచ్చిందని ఊరంతా చక్కెర పంచాను. ఆ తూకం దగ్గర కూర్చుని నీ బరువే తగ్గించుకుంటున్నావా?

సరే, తాగవు. నీ మొండితనం నాకు తెలియంది కాదు. అయితే నీళ్లు తిను. హగరి ఏటి ఇసుకలో కౌలుకు వేసిన మన తోటలో కీరదోస, పుచ్చ రెండూ కాపుకొచ్చాయి. క్యారియర్లో మజ్జిగన్నం, సొరకాయ పప్పు, అడుగు గిన్నెలో లేత కీరకాయలు పెట్టాను. తోటలో నాతో పనిచేసే మారెక్క ఎప్పుడూ ఒక మాట అంటుంది, "తాగిన నీళ్లు దిగిపోతాయి, తిన్న నీళ్లు ఒంట్లో నిలుస్తాయి" అని. అది నిజం. పొద్దున రెండు కీరకాయలు నమిలి కలుపుకు దిగామంటే సాయంత్రం దాకా ఎవరమూ గట్టు దాటి పోము.

ఫోన్లో ఎందుకు తిట్టలేదంటావేమో. మీ పెద్దనాన్న ఆంజినప్పకు స్పీకరు పెట్టకుండా మాట్లాడడం రాదు. ఇలాంటివి వీధికి వినిపించను. జవాబు రాసి క్యారియర్ పై గిన్నెలో పెట్టు. పక్కీరప్ప తెచ్చిస్తాడు.

ఇప్పుడు ఆశీర్వాదాలు. తిను.
నీ పెద్దమ్మ


సండూరు,
మార్చి 14

పెద్దమ్మకు, తిట్లూ క్యారియరూ రెండూ భద్రంగా అందుకున్న గౌతమి నమస్కారం.

నేను కన్నడ బడిలో చదివినదాన్ని. నువ్వు పలక మీద దిద్దించిన తెలుగు తప్ప వేరే తెలుగు నాకు లేదు. తప్పులుంటే అవి నీవే.

పక్కీరప్ప మామ చెప్పినంత ఏమీ జరగలేదు. లారీల మీద టార్పాలిన్ సరిగా కట్టారో లేదో చూడడానికి ఎండలోకి పోయి వచ్చాను, తల తిరిగింది, కూర్చున్నాను. నీళ్లు తాగితే ఇబ్బంది పెద్దమ్మా. అంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

నాకూ కోపం ఉంది, అది విను. సోమవారం మా మేనేజరు విక్రమ్ సారు యార్డులో అందరినీ ఒక టీవీ ముందు నిలబెట్టాడు. ఎక్కడో ఊళ్లో కూర్చున్న ఒకావిడ అందులో కనిపించి, "నీళ్లు తాగడం మర్చిపోతున్నారా? అయితే నీళ్లున్న ఆహారం తినండి" అని నవ్వుతూ చెప్పింది. స్ట్రాబెర్రీ తినాలట, జుకినీ తినాలట. శాంపిళ్లు తీసే అక్షత నా చెవిలో, "ఏంది మే అది, జుకినీ? సండూరు సంతలో యాడ దొరుకుతాది?" అంది. అందరం నవ్వాం. నాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మర్చిపోతున్నారా అని అడిగింది పెద్దమ్మా! పొద్దున ఆరు గంటలకు బస్సెక్కింది మొదలు నాకు నీళ్లు తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు. చివర్లో తలా ఒక కీర ముక్క చేతిలో పెట్టి ఫోటో తీశారు. ఫోటో అయ్యాక తిన్నామో లేదో ఎవరూ చూడలేదు.

పుచ్చకాయ మాత్రం పంపకు. మజ్జిగన్నం కూడా కాస్త గట్టిగా ఉంటే మేలు. అసలు ఒట్టి జొన్నరొట్టె, పల్లీల పొడి చాలు.

ఉంటాను,
గౌతమి


మోక,
మార్చి 24

ఒట్టి రొట్టె నమిలే గౌతమికి, పుచ్చకాయలు పండించుకునే మూర్ఖురాలు యంకమ్మ రాస్తున్నది.

క్యారియర్ తెరిచాను. పుచ్చ ముక్కలు పెట్టింది పెట్టినట్టే పులిసి నురగ కక్కుతున్నాయి. నేను విడిగా పంపిన నిండు కాయ ఏమైందని పక్కీరప్పను అడిగితే, "లారీ డ్రైవర్లకు కోసి పెట్టిందంటక్కా" అన్నాడు. ఆ కాయ ఎలాంటిదో తెలుసా నీకు? మీ పెద్దనాన్న దాన్ని తట్టి చూసి, "ఇది గౌతమికి" అని తీగ మీదే ఆకు కప్పి దాచాడు. కోతులు వస్తే నిద్రలేని కళ్లతో కర్ర పట్టుకుని తిరిగాడు. దాన్ని డ్రైవర్లకు పెడతావా!

నీళ్లు తాగితే ఇబ్బంది అని రాశావు. అక్కడి నీళ్లు ఎర్రధూళి కలిసి చెడ్డవేమో అనుకున్నాను. మంచి బావినీళ్లు క్యాను నిండా పంపాను. అదీ నీ రూములో పిల్లలు తాగారట. మరి ఇబ్బంది నీళ్లలో లేదు, నీ బుర్రలో ఉంది.

ఆలోచించాను. ఉగాదికి దేవరాజ్ వాళ్లు నిన్ను చూడడానికి వస్తున్నారు. సన్నబడాలని ఎండిపోతున్నావు, అంతేనా? వాళ్లకు మనిషి కావాలా, బొమికలు కావాలా? నువ్వు ఎండు చేపలా వచ్చి నిలబడితే, ఆ పిల్లవాడిని కాదు, నిన్నే ముందు తంతాను. ఈసారి గుమ్మడికాయ పులుసు, అంబలి పంపుతున్నాను. గిన్నెలు కడిగినట్టు ఖాళీగా రావాలి.

కోపం ఇంకా ఉంది, కాగితం అయిపోయింది.
పెద్దమ్మ


సండూరు,
మార్చి 27

పెద్దమ్మకు.

నమస్కారం తర్వాత పెడతాను. నేను సన్నబడడానికి ఎండుతున్నానా? దేవరాజ్ కోసమా? ఆ దేవరాజ్ ఎవరో నాకు ముఖం కూడా గుర్తులేదు. సిగ్గుపడి దాచింది చాలు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నువ్వు ఒక్కదానివే చదువు.

మా యార్డులో ఆడవాళ్లకు ఉన్నది ఒకే ఒక మరుగుదొడ్డి. ఆఫీసు వరండాలో ఉంది. మీద 'మహిళలకు మాత్రమే' అని బోర్డు ఉంది. దానికి ఎప్పుడూ తాళం. తాళంచెవి విక్రమ్ సారు కుర్చీ వెనక మేకుకు వేలాడుతుంది. అందులోకి పోయేది ఆయన, ఆఫీసు మగవాళ్లు. మేం పోతే పాడవుతుందట, ధూళి కాళ్లట. పోవాలంటే ఆ గదిలో అందరి ముందూ నిలబడి తాళంచెవి అడగాలి. ఆయన తల ఎత్తి గడియారం చూసి, "మళ్లీనా? ఎంతసేపు?" అంటాడు. పక్కవాళ్లు కిసుక్కున నవ్వుతారు. బయట కొండ వైపు పోదామంటే లారీలు, డ్రైవర్లు, స్తంభానికో కెమెరా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది మా బతుకు. అందుకే పొద్దున ఇల్లు దాటింది మొదలు సాయంత్రం రూముకు చేరేదాకా గొంతులో చుక్క పోయను.

అంతకుముందు క్యారియర్లో వచ్చిన నీ పుచ్చకాయ తిన్నాను. ఒక్కరోజు ఆశపడి కడుపునిండా తిన్నాను. మారెక్క మాట మీకు చెల్లుతుంది పెద్దమ్మా, మీరు ఎండలో చెమటోడుస్తారు. నా క్యాబిన్లో ఏసీ ఉంది. నాకోసం కాదు, తూకం కంప్యూటరు వేడెక్కకూడదని. చెమట రాదు. తిన్న నీళ్లైనా తాగిన నీళ్లైనా బయటికి రావలసిందే. ఆరోజు లారీలను వరసలో నిలబెట్టి నేను పరుగెత్తి తాళంచెవి అడిగాను. ఆయన ఫోన్లో మాట్లాడుతూ చేత్తో ఆగమన్నాడు. ఆగాను. ఆగలేకపోయాను. ఇంతకన్నా రాయను. రూముకు వచ్చి ఆ సల్వారు కాల్చేశాను. ఆ మర్నాడే నీ కాయ డ్రైవర్లకు పెట్టింది.

సండూరు డాక్టరమ్మ ఇన్‌ఫెక్షన్ అని మందులిచ్చింది. "ఇట్లే బిగబట్టుకుంటే కిడ్నీలు పోతాయి, నీళ్లు బాగా తాగు" అంది. ఎక్కడ తాగను? ఉద్యోగం మానమంటావేమో, మానను. కష్టపడి తెచ్చుకున్నది.

తమాషా ఏమిటంటే ఏప్రిల్ 12న యార్డులో వేసవి ఆరోగ్య దినం. బళ్లారి నుంచి పెద్ద సారు వస్తాడట. మంచి పుచ్చకాయలు ఎక్కడ దొరుకుతాయని విక్రమ్ సారు అందరినీ అడుగుతున్నాడు.

నమస్కారం.
గౌతమి


మోక,
ఏప్రిల్ 1

గౌతమీ, నా బిడ్డా,

నీ ఉత్తరం తోటలో చదివాను. చదివి ఇసుకలో కూర్చుండిపోయాను. ఒక్కదాన్నే చదవమన్నావు. తప్పు నాదే, మారెక్క నా ముఖం చూసి ఊరుకోలేదు, చెప్పాను. మాతోనే కలుపు తీసే పంపమ్మకు మారెక్క చెప్పింది. అక్కడితో ఆగింది, మీ పెద్దనాన్నకు చెప్పలేదు.

నా ఒళ్లు మండిపోతోంది. బోర్డు ఆడవాళ్లదట, గది మగవాళ్లదట, తాళం ఆయనదట! కంప్యూటరుకు చల్లగాలి, మనిషికి తాళం! నీళ్లు తాగడం మర్చిపోతున్నారా అని అడిగిన ఆ టీవీ ఆడమనిషికి ఎవరైనా ఈ తాళం చూపించారా?

మా తోటలో గోడ లేదు, తలుపు లేదు. అయినా ఇంతవరకు ఏ ఆడదీ బిగబట్టుకోలేదు. అవసరమైతే ఇద్దరం లేస్తాం. ఒకరు చీర చెంగు అడ్డం పట్టి అటు తిరిగి నిలబడతారు. "పోతాండా" అంటే చాలు, "పో, నేనుండా" అంటారు. మళ్లానా అని ఎవరూ అనరు. అది మనిషితనం. దానికి టైల్సు అక్కర్లేదు.

మారెక్క తన మాట వెనక్కి తీసుకుంది. "చెమటలో పోతాందని తెలీక నిలుస్తాందనుకుంటిమి" అంది. నీకు పులుసులు, అంబళ్లు కుక్కి ఆ బాధ పెట్టింది నేనే. మందులు మానకు. దేవరాజ్ వాళ్లను ఉగాదికి రావద్దని అప్పుడే కబురు పెట్టేశాను.

ఇంకో సంగతి. ఆ ఆరోగ్య దినానికి పుచ్చకాయలు, కీరకాయలు, మజ్జిగ మా తోట నుంచే వస్తాయని మీ సారుకు పక్కీరప్పతో కబురు పెట్టాను. నేనే తెస్తాను.

పెద్దమ్మ


సండూరు,
ఏప్రిల్ 6

యంకమ్మ గారికి,

పెద్దమ్మా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నా బట్టలు కాల్చుకున్న సంగతి నీకు రాశాను. కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు. నువ్వు చదివి ఏం చేశావు? ఆ మనిషికే పుచ్చకాయలు తెస్తున్నావు! విక్రమ్ సారు నిన్న క్యాబిన్ దగ్గర నిలబడి, "మీ పెద్దమ్మ చాలా మంచిదమ్మా" అన్నాడు. మంచిదట!

దయచేసి రాకు. వచ్చినా నన్ను పలకరించకు. ఆరోజు నేను క్యాబిన్లోంచి బయటికి రాను.

గౌతమి


మోక,
ఏప్రిల్ 8

గౌతమికి,

కాయ కోసేదాకా లోపల ఎరుపో తెలుపో తెలియదు. నోరు మూసుకుని లారీలు తూచుకో.

యంకమ్మ గారు


మోక,
ఏప్రిల్ 13

క్యాబిన్లో ముఖం తిప్పుకుని కూర్చున్న గౌతమికి, నిన్న మీ ఆఫీసు వరండాలో జరిగింది రాస్తున్నాను. నువ్వు చూడలేదు కాబట్టి ఓపికగా చదువు.

మేం ముగ్గురం టెంపోలో దిగేసరికి షామియానా వేసి ఉంది. వరండాలో ఆకులు పరిచి మీ సార్లను వరసగా కూర్చోబెట్టాం. పెద్ద సారు మైకు పట్టుకుని, "తాగడమే కాదు, నీళ్లు తినాలి కూడా" అన్నాడు. సరే, తినిపించాం. మన వైపు వడ్డన నీకు తెలుసు కదా. చాలు అన్నవాడికి ఇంకో ముక్క పడాలి, చెయ్యి అడ్డం పెడితే చెయ్యి తప్పించి వెయ్యాలి. పుచ్చకాయ, ఉప్పుకారం చల్లిన కీర ముక్కలు, ఆపైన చెంబులతో మజ్జిగ. విక్రమ్ సారు వెనక పంపమ్మ నిలబడింది, పెద్ద సారు వెనక మారెక్క. "మా చేతిది వద్దంటావా అప్పా?" అని పంపమ్మ అడుగుతుంటే ఎవరు వద్దనగలరు? మూడో చెంబు కూడా తాగాడు.

అప్పుడు అందరి ముందూ అడిగాను. "సారూ, చేతులన్నీ జిగురుగా ఉండాయి. ఆ రూము బీగంచెవి ఇయ్యప్పా." పెద్ద సారు పక్కనే ఉన్నాడు, కాదనలేక ఇచ్చాడు. లోపలికి పోయాను. అద్దం, వాసన సబ్బు, మెత్తటి తువ్వాలు! నా కడుపు మండింది. బయటికొచ్చి తాళం వేశాను, తాళంచెవి కొంగున ముడి వేశాను. ముగ్గురం ఆ గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని ఆకువక్క వేసుకున్నాం. మజ్జిగ తన పని తాను చేసుకుంటుంది కదా.

ముందు విక్రమ్ సారే వచ్చాడు.

"బీగంచెవి ఇయ్యమ్మా."

"ఎవరికప్పా?"

"నాకే."

"ఇది ఆడోళ్లది కదప్పా. బోర్డు ఉండాది, సదువు."

పోనీలే అని ఒకసారి తీశాను. మళ్లీ తాళం వేశాను. కాసేపటికి మళ్లీ వచ్చాడు. నేను గొంతెత్తి, "మళ్లానా సారూ? ఇప్పుడే కదా పోయొచ్చినావు?" అన్నాను. వరండా అంతా గొల్లుమంది. మీ స్వీపరమ్మ చీపురు పడేసి నవ్వింది. ఆయన ముఖం మన కాయ లోపలి రంగుకు తిరిగింది.

ఆఖరున పెద్ద సారు వచ్చాడు, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ. మారెక్క ఊరుకోక, "ఎంతసేపు పడ్తాది సారూ? మా పాపను ఈడ ఇట్లే అడుగుతారంట" అనేసింది. ఆయన బోర్డు చూశాడు, విక్రమ్ సారును చూశాడు. "ముందు తలుపు తియ్యమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

పుచ్చకాయలు ఎందుకు తెచ్చానో ఇప్పుడు తెలిసిందా? ఇక పెద్దమ్మా అని రాయవచ్చు.

నీ పెద్దమ్మ


సండూరు,
ఏప్రిల్ 19

పెద్దమ్మకు, పెద్దమ్మకు, పెద్దమ్మకు. ఆ ఉత్తరంలో బాకీపడ్డది కూడా కలిపి మూడుసార్లు రాశాను.

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. పెద్ద సారు పోతూ పోతూ, ఆ గది రేపటి నుంచి ఆడవాళ్లకు తెరిచే ఉండాలని చెప్పాడు. విక్రమ్ సారు సరే సరే అన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే తాళం వేసే ఉంది. పెద్ద సారు ఫోన్ చేసి అడిగితే, "తాళంచెవి కనబడడం లేదు సార్" అన్నాడు. అబద్ధం అనుకున్నాను. చివరికి ఒక లారీ డ్రైవరు జాకీ రాడ్ తెచ్చి తాళం పగలగొట్టాడు. నీ పుచ్చకాయ తిన్నవాళ్లలో ఒకడు. ఆ ఊపుకు లోపలి గడియ కూడా వంగిపోయింది.

అద్దం, సబ్బు, తువ్వాలు ఆ సాయంత్రమే మాయమయ్యాయి. 'మా పాప' అని మారెక్క అన్నది ఎవరినో అందరికీ తెలుసు కదా. నన్ను తూకం క్యాబిన్ నుంచి తీసి గేటు దగ్గర వేశారు. గొడుగు నీడ కూడా సరిగా లేని చోట నిలబడి టార్పాలిన్లు చూడడం నా పని. "ఎండలో ఉంటే నీళ్ల విలువ తెలుస్తుంది" అన్నాడు విక్రమ్ సారు. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఈ కాగితం మీద పెడితే కాగితం కాలుతుంది. పెద్ద సారుకు రాసి ఇచ్చాను, నా చోటు నాకు ఇమ్మని. ఇస్తారో లేదో చూడాలి. ఇవ్వకపోతే మళ్లీ రాస్తాను.

కానీ పెద్దమ్మా, నిన్న పట్టపగలు, యార్డు మధ్యలో నిలబడి, అందరూ చూస్తుండగా బాటిల్ ఎత్తి గటగటా తాగాను. గొంతులోంచి దిగుతుంటే కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. తర్వాత ఎవరినీ అడగకుండా నడిచి వెళ్లాను. గడియ పడదు కాబట్టి అక్షత వచ్చి తలుపు పట్టుకుంది. నీ ఉత్తరం నేను ఆమెకు చదివి వినిపించలేదు. అయినా అటు తిరిగి నిలబడి, "పో, నేనుండా" అంది.

పుచ్చకాయ పంపు. పెద్దది. ఈసారి డ్రైవర్లకు పెట్టను. ఆ ఒక్కడికి మాత్రం ఒక ముక్క.

మర్చిపోయాను. విక్రమ్ సారు ఆ తాళంచెవి గురించి ఇంకా అడుగుతూనే ఉన్నాడు. కంపెనీ ఆస్తి అట. నీ దగ్గర గానీ ఉందా?

నీ గౌతమి


మోక,
ఏప్రిల్ 22

గౌతమికి పెద్దమ్మ ముద్దులు, ముందుగానే.

కాయతో పాటు మీ పెద్దనాన్న పెద్ద గొడుగు పంపుతున్నాను. గేటు దగ్గర పాతుకో, ఎవడు తీస్తాడో చూస్తాను. నిన్ను ఎండలో నిలబెట్టాడని విన్నప్పటి నుంచి మారెక్క కుదురుగా లేదు. ఇంకో టెంపో మాట్లాడదామా అంటోంది. నీ చోటు నీకు ఇవ్వకపోతే నిజంగానే మాట్లాడతాం. తోటలో మజ్జిగకు కొదవ లేదు.

తాళంచెవి నా దగ్గరే ఉంది. దాచింది కాదు. ఆరోజు టెంపోను ముందే పంపేసి బస్సులో వస్తూ పక్కీరప్పతో మాటల్లో పడి మర్చిపోయాను, ఇంటికొచ్చి చీర మారుస్తుంటే ముడిలో దొరికింది. తిరిగి పంపుదామనే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక మనసు మార్చుకున్నాను. ఇప్పుడది మా వంటింట్లో ఉప్పు జాడీ పైన మేకుకు వేలాడుతోంది.

మీ సారుకు కావాలంటే మోకకు రమ్మను. మా వీధి ఆడవాళ్లందరూ కుళాయి దగ్గర ఉండే వేళకు రమ్మను. అందరి ముందూ నిలబడి అడగమను. నేను తల ఎత్తి చూసి ఒక్క మాట అంటాను.

"మళ్లానా?"

యంకమ్మ